దగ్గేది ఎవరని అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిందన్న కబురు, బళ్ళో మూడో తరగతి పిల్లల చేత ఎక్కం చెప్పిస్తుండగా వచ్చింది. సరస్సు అవతలి ఒడ్డు నుంచి వచ్చే పడవలోనే మాకు టపా కూడా వస్తుంది. టపా మనిషి గుమ్మం దగ్గర నిలబడి, "డాక్టరమ్మ లేదంట టీచరమ్మా. బిట్రగుంటలో వాళ్ళ తమ్మునింట్లో పోయిందంట. గుండె ఆగిందంట," అన్నాడు. పిల్లలు ఎక్కం ఆపలేదు. అందరి కంటే గట్టిగా ముందు చెబుతున్న పిల్ల గొంతు నీళ్ళ దాకా వినిపిస్తోంది. నేను సుద్దముక్క కింద పెట్టి బయటికి వచ్చి, వాళ్ళకు కనపడకుండా గోడ పక్కన నిలబడ్డాను.

ఏడుపు ఆ రోజే అయిపోయింది. తర్వాత వచ్చింది కోపం. దానికి కారణం సంతాప సభ.

టౌనులో పెట్టారు సభ. ఆవిడ ఫొటోకి దండ వేశారు. ఒక పెద్ద డాక్టరు లేచి, ఆవిడ శాంతమూర్తి అన్నాడు. ఓర్పుకు మారుపేరన్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు గదా, సరే, చావు ముందర ఎవరైనా నాలుగు మంచి మాటలే చెబుతారు. కానీ ఆ చెప్పే మనిషి ఎవరో నాకు తెలుసు. పల్లెత్తు మాట కాదు, ఆయన్ని ఆయన ఆఫీసు వరండాలోనే పదిమంది ముందు ఉతికి ఆరేసింది మా డాక్టరమ్మ. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ ఒళ్ళో మా అన్న కూతురు ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు ఆవిడను శాంతమూర్తిగా గుర్తు పెట్టుకోవద్దు. ఆవిడ కోపిష్ఠి మనిషి. ఆ కోపం లేకపోతే మా ఇంట్లో ఇవాళ ఆడపిల్ల లేదు.

మాది సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఉన్న చేపల వాడ. మగవాళ్ళు వంతుల ప్రకారం సరస్సులో వల వేస్తారు. దాన్ని మేము పాడు అంటాం. రొమ్ము చెడి, పడవ నెట్టే గెడ వెయ్యలేక, పడవ దిగిపోయిన మనిషిని మా వాడలో ఎవరూ తోసెయ్యరు. ఇంట్లో కూర్చోబెట్టి రెండు పనులు అప్పగిస్తారు. ఒకటి చిరిగిన వలలు అల్లడం, రెండోది పిల్లల్ని చూసుకోవడం. మా నాయన అట్లాగే ఇంటి పట్టున ఉండిపోయాడు. ఆయనకు దగ్గు. చుట్ట దగ్గు అనుకునేవాళ్ళం. మా అన్నకు అప్పటికి ఇద్దరు పిల్లలు, నాలుగేళ్ళ కొడుకు, నడక వచ్చిన కూతురు. ఇద్దరికీ తాత ఒడే ఉయ్యాల.

వానలు పడి సరస్సు నిండితే ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలతాయి. గూడబాతులు గుంపులు గుంపులుగా మా ఇళ్ళ మీదుగా పోతుంటాయి. ఎగిరే పక్షి నీడ పసిబిడ్డ మీద పడితే బిడ్డ కాళ్ళూ చేతులూ పుల్లలై, పొట్ట మాత్రం మిగిలి, ఎండిపోతాడని మా వాళ్ళ నమ్మకం. పక్షిదోషం అంటారు. కాబట్టి పక్షులు ఉన్నన్నాళ్ళూ పసిపిల్లల్ని బయటికి తియ్యరు. తడికె వేసి, చీకటి ఇంట్లో, వల అల్లే ముసలాయన పక్కన కూర్చోబెడతారు.

మా అన్న కొడుకు ఆ వానల్లోనే చిక్కిపోవడం మొదలుపెట్టాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చన. తిండి సయించదు. మా అమ్మ తాయెత్తు కట్టించింది. పొట్ట మీద వాత పెట్టించింది. అప్పుడే నా ట్రైనింగు చదువు అయ్యింది. చదువుకున్నదాన్ని గదా అని, వదినను, పిల్లవాడిని వెంటబెట్టుకుని నేనే పడవా బస్సూ ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ పిల్లవాడి చేతికి ఒక చిన్న డబ్బా ఇచ్చి, అందులో కళ్ళె ఉమ్మమన్నారు. నాలుగేళ్ళ వాడు. దగ్గురా అంటే దగ్గాడు. ఉమ్మరా అంటే ఆటనుకుని నవ్వాడు. డబ్బాలో ఉత్త ఉమ్మి పడింది. ఆ ఉమ్మిలో ఏమీ లేదు కాబట్టి జబ్బు లేదన్నారు. నీరసం అన్నారు. టానిక్కు రాసిచ్చారు. సీసా మీద చదివితే అది చేపనూనె. చేపలు పట్టి లోకానికి పెట్టే వాళ్ళకు చేపనూనె రాసిచ్చి పంపించారు. వదిన దాన్ని కొంగులో చుట్టుకుని భద్రంగా ఇంటికి తెచ్చింది, వాడికి పట్టింది, పట్టినందుకు వాడు కక్కుకున్నాడు.

అంత పెద్దాసుపత్రిలో బిడ్డకు ఏ ఇంట్లో, ఎవరి పక్కన నిద్ర అని ఒక్కరు అడగలేదు. అడగడానికి మిషను అక్కర్లేదు, మందు అక్కర్లేదు. నోరుంటే చాలు.

కొన్నాళ్ళకు వాడు వాంతులు చేసుకుని, కళ్ళు తేలేసి, పిలిస్తే పలకకుండా అయిపోయాడు. పెద్దాసుపత్రి దాకా పోయే ఓపిక వాడిలో లేదు. అవతలి ఒడ్డున చిన్న ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందని విని, అన్న, వదిన, నేను తెల్లారగానే పడవలో బయల్దేరాం.

పొట్టి మనిషి. కుచ్చెళ్ళు బురదకు తగలకుండా పైకి దోపి పిన్ను పెట్టుకుని ఉంది. వాడి తల కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తింది. మెడ వంగలేదు, ఒళ్ళంతా కట్టెలా లేచింది. ఇక లాభం లేదని ఆవిడ ముఖం చూసి నాకు అర్థమైంది. చెయ్యగలిగిందంతా చేసింది. ఎండ నడినెత్తికి రాకముందే వాడు పోయాడు.

ఆవిడ వదినను ఓదార్చలేదు. చేతులు కడుక్కుని వచ్చి, "మీ ఇంట్లో దగ్గేది ఎవురు?" అని అడిగింది.

మా అన్నకు ఒళ్ళు మండింది. "బిడ్డ చచ్చిపోయినాడు తల్లీ. ఇప్పుడా అడగతావు?"

"ఇప్పుడే అడగాల. ఎవురు?"

"మా నాయనేనమ్మా," అన్నాను నేను. "చాలా కాలంగా ఉండాది."

"ఇంకా బిడ్డలుండారా?"

"ఆడబిడ్డ ఉండాది."

"ఇప్పుడు యాడుండాది ఆ పిల్ల?"

"మా నాయన దగ్గరే. పక్షులు తిరగతా ఉండాయి గదమ్మా, బయటికి తియ్యం."

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని మాతో పాటు పడవెక్కింది. వదిన ఒళ్ళో పిల్లవాడు. అన్న గెడ వేస్తూ ఏడుస్తున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని దారి పొడుగునా నీళ్ళ వైపే చూసింది. చావు ఇంటికి పరాయి మనిషి ఎందుకు వస్తోందో మాలో ఎవరికీ తెలియలేదు.

ఒడ్డుకు చేరేసరికి వాడంతా వచ్చి గుండెలు బాదుకుంటున్నారు. ఆవిడ ఆ గుంపులోంచి తప్పుకుని, మా ఇల్లు అడిగి, వంగి లోపలికి పోయింది. నేను వెనకే పోయాను. చీకట్లో మా నాయన వల ముందర వేసుకుని, మనవడి కబురు అప్పుడే విని, కదలకుండా కూర్చుని ఉన్నాడు. చిన్నది ఆయన తొడ మీద తల పెట్టి నిద్రపోతోంది. డాక్టరమ్మ పిల్లను ఎత్తుకుని, తడికె తోసి, ఎండలోకి తెచ్చింది.

అంత ఏడుపులోనూ మా అమ్మ చూసింది. పరుగున వచ్చి అడ్డం పడింది. "గూడబాతులు పోతా ఉండాయి తల్లీ. లోపలికి తీసకపో. మాకు మిగిలింది ఇదొక్కటే."

"ఇదొక్కటే గనకనే బయటికి తెచ్చినా," అంది డాక్టరమ్మ.

తర్వాత మా నాయనను పిలిచింది. "పెద్దాయనా, ఇట్టా ఎండలోకి రా," అని ఇసుక మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. "నీ రొమ్ములో ఉండే జబ్బు బిడ్డలకు అంటింది. నువ్వు కావాలని ఇచ్చింది కాదు. నీకూ ఎవురో ఇచ్చినారు. నిన్ను ఎవురన్నా ఏమన్నా అంటే నా దగ్గరికి పంపించు. అయితే తెలిసినాక ఏం చేస్తావనేది మాత్రం నీ చేతిలో ఉండాది."

మా నాయన లేచాడు. ఇంట్లోకి పోయి వల అల్లే కండె, దారం ఉండ తీసుకుని, నీళ్ళ ఒడ్డున పడవ సామాన్లు పెట్టే పాకలోకి పోయాడు. మనవడి శవాన్ని కూడా దూరం నుంచే చూశాడు. ఆవిడ రమ్మని చెప్పిందాకా మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు.

చిన్నదాని మెడ మీద అప్పటికే కాయలాంటి గడ్డ ఉంది. డాక్టరమ్మ దాని చేతికి సూదితో పరీక్ష చేస్తే ఆ చోట ఎర్రగా, గట్టిగా వాచింది. ఇక మందు ఇవ్వడమే. కానీ మందు ఆవిడ దగ్గర లేదు, పెద్దాసుపత్రిలో ఉంది. మా నాయనను, పిల్లను, నన్ను వెంటబెట్టుకుని తనే వచ్చింది.

మా నాయన కళ్ళెలో క్షయ జబ్బు కనిపించింది. ఆయనకు మందు రాశారు. చిన్నదాని ముందుకు మళ్ళీ ఆ డబ్బానే వచ్చింది. అదే డబ్బానో, దాని తమ్ముడో. అప్పుడు చూశాను ఆవిడ కోపం.

"పిల్లోళ్ళు ఉమ్మరయ్యా, మింగతారు. కడుపులో వెతకాల. పొద్దున లేచీ లేవకముందు, పాలు పట్టకముందు, ముక్కులోంచి సన్నగొట్టం ఏసి కడుపులో నీళ్ళు తియ్యండి. దాన్ని పరీక్షకు పంపించండి."

పెద్ద డాక్టరు, సభలో మాట్లాడిన ఆయనే, విసుక్కున్నాడు. ప్రతి పిల్లకూ అంత హడావుడి ఎక్కడ చేస్తామన్నాడు. ఉన్న మందే పెద్దవాళ్ళకు చాలడం లేదన్నాడు. చివరకు అసలు మాట బయటపెట్టాడు. పిల్లలు ఇంకొకరికి అంటించరు, కాబట్టి ముందు అంటించే వాళ్ళకు ఇవ్వాలన్నాడు.

ఆ మాట నేను ఈనాటికీ మర్చిపోలేదు. అంటించే మనిషికైతే మందు. అంటించుకున్న బిడ్డకు చేపనూనె. ఎవరికీ హాని చెయ్యకపోవడమే ఆ పిల్లలు చేసిన తప్పు. అరిచి గీపెట్టని బిడ్డకు పాలు కూడా దొరకవంటారు. వీళ్ళు అరవను కూడా అరవరు, మెల్లగా ఎండిపోతారు. ఎండిపోతే పక్షి నీడ అని మేము, నీరసం అని వాళ్ళు. మాకు చదువు లేదు. వాళ్ళకేం వచ్చింది?

మా నాయన అంతసేపూ దూరంగా, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందుకు వచ్చి, తనకిచ్చిన మందు పొట్లం డాక్టరమ్మ వైపు చాచాడు. "నాది బిడ్డకియ్యి తల్లీ. నేను చూడాల్సిందంతా చూసినా."

ఆవిడ ఆయన మీద కూడా విరుచుకుపడింది. "నోరు ముయ్యి పెద్దాయనా. నువ్వు మందు మింగకపోతే వాడలో ఇంకో బిడ్డకు అంటిస్తావు. నువ్వూ మింగాల, ఇదీ మింగాల. ఒకరి మందు ఒకరికి పంచడానికి ఇదేమన్నా అన్నమా?"

తర్వాత చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని పెద్ద డాక్టరు గది ముందు వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆయన బయటికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "మందు ఇవ్వండి. ఇవ్వకపోతే ఇవ్వనని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఈ పిల్ల అన్నను మీరే తిప్పి పంపించినారు, వాడు నా చేతుల్లో పోయినాడు. రెండోదాన్ని కూడా పంపిస్తా ఉండామని రాయండి. నోటిమాటలు నాకొద్దు." బయట వరసలో నిలబడ్డ జనమంతా వింటున్నారు. నోటితో ఎన్నిసార్లయినా కాదనగలిగిన మనిషి రాతలో ఒక్కసారి కాదనలేకపోయాడు. గొంతు సవరించుకున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, మందు ఇచ్చాడు.

కడుపు నీళ్ళ పరీక్ష కూడా చేయించింది. దాని జవాబు చాలా వారాలకు వచ్చింది. ఉంది, జబ్బు ఉంది. అప్పటికే చిన్నది మందు మింగుతోంది కాబట్టి బతికింది. జవాబు కోసం ఆగి ఉంటే తన అన్న పోయిన చోటికే పోయేది.

వైద్యం మొదలయ్యాక ఆవిడ మా వాడకు తరచూ వచ్చేది. కొత్త తూకాలు వచ్చీ రాని రోజులు. పిల్లల్ని తూచడానికి ఆవిడ ఆసుపత్రిలో త్రాసు లేదు. మా ఒడ్డున చేపల షావుకారు దూలానికి వేలాడదీసిన త్రాసు చూసింది. దాన్ని ఉప్పునీళ్ళతో కడిగించి, గంపలో పాత చీర పరిచి, వాడలో ప్రతి బిడ్డనూ తూచింది. షావుకారు నసిగితే, "చేప తూకంలో వీశెకు పలం తగ్గితే ఊరంతా ఏకం చేస్తావే. బిడ్డ తూకం తగ్గితే నోరు లెయ్యదా నీకు?" అంది. ఆయన నవ్వలేక నవ్వి త్రాసు వదిలేశాడు. అప్పటి నుంచి పిల్లల్ని తూచడం మా వాడలో వేడుకైపోయింది. తిరిగి పోయేటప్పుడు ఆవిడ కొంగు ఎప్పుడూ చేపవాసనే.

నోరు ఎంత కటువో చెప్పకపోతే అబద్ధం రాసినదాన్నవుతాను. చిన్నదానికి ఒళ్ళొచ్చి బుగ్గలు తేరాక, ఇక సూదులూ పొడీ ఎందుకులే అని వదిన మందు మాన్పించింది. ఆ చేదు పొడి మింగించడం మాటలా మరి. డాక్టరమ్మకు తెలిసి, నలుగురిలో వదినను ఏడిపించింది. "ఒళ్ళొచ్చిందంటే జబ్బు పోయినట్టు కాదు. పొయ్యి ఆరిందనుకుని బూడిదలో చెయ్యి పెడతావా?" అని. వదిన మొగుడితో కూడా అన్ని మాటలు పడలేదు. కాసేపటికి ఆవిడే వచ్చి వదిన పక్కన కూర్చుని, "ఇంత గంజి పొయ్యి, ఆకలేస్తా ఉండాది," అంది. అది క్షమాపణ అని మాకు తర్వాత తెలిసింది. ఎవరిని తిడితే వాళ్ళింట్లో గంజి అడిగేది. పెద్ద డాక్టరును మాత్రం ఎన్నడూ గంజి అడిగినట్టు లేదు.

మా అమ్మ కట్టిన తాయెత్తును ఆవిడ ఎప్పుడూ ముట్టుకోలేదు. నేనే ఉండబట్టలేక తెంపబోతే, "ఉండనీ మే," అని నా చెయ్యి పట్టుకుంది. "అడిగితే చెప్పేవాడు లేక వాళ్ళు ఆకాశం వైపు చూసినారు. తప్పు చూసినోళ్ళది కాదు, చెప్పాల్సినోళ్ళది." బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక గార్డు కూతురుగా పెరిగిన మనిషి. ఆవిడ కోపం ఎప్పుడూ మెట్లెక్కే పోయేది. కిందివాళ్ళ మీద పడితే గంజితో చల్లారేది.

మా నాయన కళ్ళె శుభ్రమైందని తెలిసిన రోజున ఆవిడ పడవ దిగి నేరుగా ఒడ్డున ఉన్న పాక దగ్గరికి పోయింది. చిన్నది మా వదిన కొంగు పట్టుకుని నిలబడి ఉంది. తాతను అది అన్నాళ్ళూ దూరం నుంచి చూసిందే. డాక్టరమ్మ దాన్ని ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టి, "ఇంక ఎత్తుకో పెద్దాయనా. బయటనే, ఎండలోనే," అంది. మా నాయన చేతులు పిల్లను తాకడానికి జంకాయి. అదే ఆయన గడ్డం పట్టుకుని లాగింది. పెద్దగా ఏడ్చాడు. మనవడు పోయిన రోజున ఏడవని మనిషి, ఆ రోజు ఇద్దరి కోసం ఏడ్చాడు.

ఆ పిల్లే ఇప్పుడు నా మూడో తరగతిలో ఎక్కం ముందు చెప్పే పిల్ల. కబురు వచ్చినప్పుడు నీళ్ళ దాకా వినపడిన గొంతు అదే.

సభ నుంచి తిరిగి వస్తూ, పెద్దాసుపత్రిలో ఇప్పుడు పిల్లల్ని ఎట్లా చూస్తున్నారో కనుక్కుందామని లోపలికి పోయాను. వరసలో ఒక తల్లి తన బిడ్డను వంచి, "ఉమ్ము నాయనా, ఉమ్ము," అని బతిమాలుతోంది. ఆ తల్లి చేతిలో డబ్బా ఉంది. సభలో దండ వేసి వచ్చిన ఆసుపత్రి వాళ్ళ చేతులే ఆ డబ్బా ఇచ్చాయి. నేను ఆ తల్లి దగ్గర ఆగి, అడగాల్సింది అడిగి, లోపల ఏమని అడగాలో చెప్పి వచ్చాను. టీచరును కాబట్టి కొంచెం గట్టిగానే చెప్పాను. వరండా అంతా వినపడే ఉంటుంది.

ఇల్లు చేరి మా అమ్మకు సభ సంగతులన్నీ చెప్పాను. శాంతమూర్తి అన్నారంటే, "ఎవురిని?" అంది. మళ్ళీ పక్షులు వచ్చే కాలం ఇది. పక్కింటి కోడలు పుట్టింటి నుంచి పసివాడితో కొత్తగా వచ్చింది. పొద్దుటి నుంచి ఆ ఇంటి తడికె వేసే ఉంది. మా అమ్మ కాసేపు ఆ తడికె వైపే చూసి, లేచి మోకాళ్ళు పట్టుకుంటూ పోయింది. ఒకనాడు ఇసుకలో అడ్డం పడి కేకలు వేసిన మనిషి, ఆ ఇంట్లోకి వంగి దూరి, పసివాడిని ఎత్తుకుని బయటికి వచ్చింది. వెనకే ఆ కోడలు పిల్ల కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

"అవ్వా, పక్షులు. నీడ పడతాది."

"పడనీ మే," అంది మా అమ్మ. "మీ ఇంట్లో దగ్గేది ఎవురు?"

తడికె వెనకాల ఎవరో దగ్గారు. మా అమ్మ కదలకుండా ఎండలో నిలబడింది. గూడబాతుల గుంపు సరస్సు మీది నుంచి తక్కువలో వచ్చింది. వాటి నీడలు పసివాడి ముఖం మీదుగా ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాడు కళ్ళు చికిలించి పైకి చూస్తున్నాడు. మా అమ్మ కొంగు కప్పలేదు.